గాలివాన వెలిసింది, జడుపు వెలిసిందా?

మన నెల్లూరు కోస్తాకు గాలివానలు కొత్తకాదు. 1927 నవంబరు నాటి తుఫానును మా పెద్దలు కథలుగా చెప్పేవారు. 1984 నవంబరు 14న శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన తుఫానులు మన సభ్యులలో చాలామంది కళ్లారా చూచినవే. 2004 డిసెంబరు 26న సునామీ కూడా వచ్చిపోయింది.

గుమాస్తాగా 1984లోను, 1989లోను నష్టాల జాబితాలు వ్రాసినవాడిని. కూలిన ఇండ్లకు, చచ్చిన పశువులకు, కొట్టుకుపోయిన పడవలకు, వలలకు గళ్లుండేవి. బ్రతికి బయటపడినవారి మనసుకు తగిలిన దెబ్బకు గడి లేదు.

1989 తరువాత నేనెరిగిన ఒక పట్టపుపాళెంలో ఒక పెద్దావిడ ఉండేది. మబ్బు పట్టితే చాలు, రేషన్ కార్డు, మనవళ్ల బట్టలు మూట గట్టుకొని బడి అరుగు మీద తెల్లవార్లూ కూర్చునేది. ఇంటివారు చాదస్తమన్నారు. ఊరివారు జడుపన్నారు, తాయెత్తు కట్టించారు.

ఈ జడుపుకు వైద్యశాస్త్రంలో పేరు రావడానికి చాలాకాలం పట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో వణుకుతో, మాట పడిపోయి తిరిగివచ్చిన సైనికులకు 'షెల్ షాక్' అన్నారు. కొందరిని పిరికివారని నిందించారు. వియత్నాం యుద్ధం ముగిసిన తరువాత, 1980లో, అమెరికా మనోవైద్యుల సంఘం దీనిని 'పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్' అనే పేరుతో రోగాల పట్టికలో చేర్చింది. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో విపత్తు బాధితుల మానసిక ఆరోగ్యానికి ప్రత్యేక మార్గదర్శకాలు వెలువరించింది. లేని గడి అప్పటికి వచ్చిందన్నమాట.

తుఫాను హెచ్చరిక విని షెల్టరుకు పోవడం రోగం కాదు, వివేకం. జరిగినది మళ్లీ కళ్లముందు జరుగుతున్నట్లుండడం, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలికిపడడం, ఆ చోటును, ఆ మాటను తప్పించుకు తిరగడం, అయినవారిమీద కూడా మనసు మొద్దుబారడం - ఇవి నెలకు మించి ఉండి, రోజువారీ బ్రతుకును చెడగొడితే వైద్యునికి చూపించాలి.

ఇది బాధితులకే పరిమితం కాదు. 1977 దివిసీమ ఉప్పెన వంటి విపత్తులలో శవాలను తీయించే డ్యూటీ చేసిన ఉద్యోగులకూ రావచ్చు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లు పని ఒత్తిడిలో అణగియున్నది, రిటైరయి ఖాళీగా కూర్చున్నప్పుడు పైకి లేవడమూ కద్దు.

కుటుంబ సభ్యులకు నా విన్నపమొక్కటే. "ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడేడుపెందుకు?" అనకండి. చెప్పమని బలవంతపెట్టకండి, చెప్పినప్పుడు వినండి. మాటలతో చేసే చికిత్స ఉన్నది, అవసరమైతే మందులున్నవి. 2022 నుండి 'టెలీ మానస్' 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

కూలిన ఇంటికి సాయం అడగడానికి మనం సిగ్గుపడలేదు. కూలిన మనసుకు మాత్రం ఎందుకు సిగ్గుపడాలి?