ముంగిస సఫర్, ఉడుము అమానత్

మొహర్రం నెలలో మన కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లలో పీర్లు లేస్తాయి. అలావా గుండం చుట్టూ ముస్లింలు, హిందువులు కలిసి ఆడతారు. సముద్రాల అవతల జమైకా దీవిలోనూ ఈ మొహర్రం ఉంది. అక్కడ దాని పేరు ‘హొసే’. హుస్సేన్ అనే పేరే పరాయి నోళ్లలో నలిగి అలా మారింది. చెరకు తోటల్లో పని చేయడానికి 1845 నుంచి ఒప్పందం మీద వెళ్లిన హిందుస్తానీ కూలీలు మోసుకెళ్లిన యాద్ అది.

ఆ తోటల తారీఖ్ చదువుతుంటే నాకు ఇంకో హిందుస్తానీ ముసాఫిర్ కనిపించింది. మన ముంగిస!

తోటల్లో ఎలుకలు చెరకు కొరికి బర్బాద్ చేసేవి. 1872లో ఎస్పూట్ అనే తోట యజమాని కలకత్తా నుంచి తొమ్మిది ముంగిసలను తెప్పించి వదిలాడు. మొదట్లో ఫాయిదా కనిపించింది. పక్క దీవుల వాళ్లూ పట్టుకెళ్లారు. అసలు ముసీబత్ తర్వాత తెలిసింది. ఎలుక ఎక్కువగా రాత్రి తిరుగుతుంది, ముంగిస పగలు తిరుగుతుంది. దాని కడుపుకు నేల మీద గూడు పెట్టే పిట్టలు, బల్లి జాతుల గుడ్లు, పిల్లలు ఆహారమయ్యాయి.

జమైకాలో ఇగువానా అనే పెద్ద బల్లి ఉంది. చూపుకు మన ఉడుముకు చుట్టంలా ఉంటుంది గానీ ఎక్కువగా ఆకులు, పళ్లు తిని బతుకుతుంది. నేల తవ్వి గుడ్లు పెడుతుంది. ముంగిస లాంటి దుష్మన్‌ను అది ఎన్నడూ ఎరగదు. 1940ల తర్వాత ఎవరికీ కనిపించకపోయేసరికి ఆ నస్ల్ ఖతమ్ అనుకున్నారు. 1990లో హెల్‌షైర్ గుట్టల్లో పందుల వేటకు వెళ్లిన ఒకతని కుక్క ఒక ఇగువానాను పట్టింది. వెతికితే కొద్దిపాటివి మిగిలి ఉన్నాయి. అప్పటినుంచి పిల్లలను కింగ్‌స్టన్‌లోని హోప్ జూలో పెంచి, ముంగిస నోటికి చిక్కనంత పెద్దవయ్యాక అడవిలో వదులుతున్నారు. గుట్టల్లో ముంగిసలకు బోన్లు పెడుతున్నారు. అయినా బొగ్గు కోసం చెట్లు నరికేవాళ్ల ఖత్రా వేరే ఉంది.

ఇందులో ముంగిస కసూర్ ఏముంది? మన పొలం గట్ల మీద ముంగిసా ఉంది, ఉడుమూ ఉంది. తరతరాల పడోసీలు. ఒకదాని సంగతి ఒకదానికి తెలుసు. దాన్ని తన నేల నుంచి పెకిలించి పరాయి దీవిలో వదిలింది మనిషి లాలచ్.

ఇక్కడ ఉడుముకు దుష్మన్ కూడా మనమే. నా చిన్నప్పుడు అంగడిలో సాండా తేల్ అమ్మేవాడి చుట్టూ జనం మూగేవారు. సాండా రాజస్థాన్, గుజరాత్‌ల ఎండు నేలల్లో ఉండే ముళ్లతోక బల్లి. మన వైపు ఉడుము మాంసం నడుం నొప్పికి దవా అంటారు. దాని తోలు కంజీరా వాయిద్యానికి పోయేది. మన హనఫీ ఫిఖ్‌హ్‌లో ఇలాంటి నేల పాకే జీవులు తినడానికి హలాల్ కావు. ఇక ఆ ‘దవా’ కోసం ప్రాణం తీయడం ఎందుకు?

1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో పులితో పాటు ఉడుమూ ఉంది. చంపినా, అమ్మినా జుర్మే. ఖైద్ కనీసం మూడేళ్లు. ఆదిలాబాద్ అడవుల్లో పులికి కవ్వాల్ ఉంది, మంథని దగ్గర గోదావరి ఒడ్డున మొసలికి శివారం ఉంది. ఉడుము మాత్రం అడవి దాటి మన మధ్యకూ వస్తుంది. గట్టు, పుట్ట, పాత గోడ పగులు, ఖబ్రస్తాన్ పొద, ఇవే దాని ఇళ్లు. గట్టు చదును చేసి, పుట్ట తవ్వేస్తే దానికి ఇల్లు లేదు.

జమైకా వాళ్లు పోయిందనుకున్నదాన్ని ఇంకా వెతుక్కుంటూ కాపాడుకుంటున్నారు. మన దగ్గర ఇంకా ఉంది. అల్లాహ్ ఇచ్చిన ఈ అమానత్‌కు ఖియానత్ చేయకుండా ఉండే తౌఫీఖ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.