సగం పూర్తయిన ఫీచర్, దాని మాన్యువల్

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని బాతెల్ ఊరికి కాస్త దక్షిణంగా వెళ్తే రెడ్మండ్. 1986లో మైక్రోసాఫ్ట్ అక్కడికి మారాక సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు చుట్టుపక్కల ఊళ్లలో స్థిరపడ్డారు. మన తెలుగువాళ్లూ వాళ్లలో ఉన్నారు. వీళ్లు రోజూ తెరిచే డాక్యుమెంటేషన్‌లో ఒక పాత చిక్కుంది. ఇంకా పూర్తికాని ఫీచర్ గురించి ఎంత చెప్పాలి?

1971 నవంబరులో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తెచ్చిన యూనిక్స్ మాన్యువల్ దీన్ని సూటిగా తేల్చేసింది. పేజీ అడుగున ‘బగ్స్’ అని ఒక శీర్షిక పెట్టి, తెలిసిన లోపాలన్నీ అక్కడే రాసేశారు. ప్రోగ్రాం రాసినవాళ్లే మాన్యువలూ రాశారు, అమ్ముకోవాల్సిన పనీ లేదు. ఇక దాచడమెందుకు?

సరుకు అమ్మకానికొచ్చాక మాట తీరు మారింది. విండోస్‌లో రిజిస్ట్రీ విలువలు చదివే రెగ్‌క్వెరీవాల్యూఎక్స్ ఫంక్షన్‌లో మూడో పారామీటర్ ‘రిజర్వ్‌డ్’. అక్కడ నల్ మాత్రమే ఇవ్వాలి. ఎందుకోసం అట్టే పెట్టారో పేజీలో ఉండదు.

విండోస్ 95 సంగతి మనకు మరీ దగ్గరిది. అందులో యూనికోడ్ ఫంక్షన్లు చాలావరకు పేరుకే ఉండేవి. ఫైలు తెరిచే క్రియేట్‌ఫైల్‌డబ్ల్యూని పిలిస్తే 120వ నంబరు ఎర్రర్ వచ్చేది: ఇది ఇక్కడ అమలు చేయలేదని దానర్థం. యూనికోడ్‌లో తెలుగు 1991లోనే చేరినా, విండోస్ 95లో తెలుగుకు సొంత కోడ్‌పేజీ లేదు. యూనికోడే దిక్కు, అదేమో సగంలో ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంట్‌తో వచ్చేదాకా, ఆ తర్వాత కొన్నాళ్లు కూడా, తెలుగు వెబ్‌సైట్లు ఎవరి ఫాంట్‌తో వాళ్లు నెట్టుకొచ్చాయి. అయినా ‘రిజర్వ్‌డ్’ కన్నా ఆ 120 నయమంటాను. లేదన్న సంగతి ముఖం మీదే చెప్పింది.

బ్రౌజర్లవాళ్లు హెచ్చరికను ఫీచర్ పేరులోనే ఇరికించి చూశారు. పేరు ముందు ‘వెబ్‌కిట్’ అన్న ప్రిఫిక్స్ ఉంటే అది ప్రయోగమని లెక్క. సైట్లు కట్టేవాళ్లు పట్టించుకోలేదు, అసలు సైట్లలోనే వాడేశారు. చివరికి 2012లో ఒపేరా బ్రౌజర్ కూడా పోటీవాళ్ల ఈ ప్రిఫిక్స్‌ను గుర్తించక తప్పలేదు.

ఆ తర్వాత కొందరు పూర్తికాని ఫీచర్‌కు కోడ్‌లోనే తాళం వేశారు. 2015లో రస్ట్ భాష 1.0 వచ్చాక, స్థిరపడని ఫీచర్‌ను స్టేబుల్ కంపైలర్ ఒప్పుకోదు. 2019లో జావా 12 నుంచి ప్రివ్యూ భాషా ఫీచర్ కావాలంటే ఫ్లాగ్ ఇవ్వాల్సిందే. తాళం ఉన్నా రాతపని తప్పదు: ఏది పనిచేస్తుంది, ఏది చేయదు, ఏ వెర్షన్‌లో అన్నది పేజీయే చెప్పాలి. జావా 21లో ప్రివ్యూగా వచ్చిన స్ట్రింగ్ టెంప్లేట్లను 2024లో జావా 23 నుంచి తీసేశారు. జావా 21 డాక్యుమెంటేషన్‌లో మాత్రం వాటి పేజీ ఉంది, ఉండాలి కూడా. ఆ వెర్షన్ వాడేవాళ్ల దగ్గర ఆ ఫీచర్ ఇంకా ఉంది మరి.