గుంటూరు సర్కారు - కెన్నవే దౌత్యము

ఉత్తర సర్కారులు ఆంగ్లేయుల వశమైన కథలో చందుర్తి, మచిలీపట్టణముల పోరాటములు ప్రసిద్ధములు. కాని యైదు సర్కారులలో గడపటిదియైన గుంటూరు పోరువలన గాక యొక రాయబారి మాటవలన 1788వ సంవత్సరమున జేతులు మాఱినది. ఆ రాయబారి జాన్ కెన్నవే.

తగవునకు మూల మంతకు బూర్వమే కలదు. 1765లో మొగలు పాదుషా షా ఆలము సర్కారులను గుంఫిణీవారి కొసగుచు ఫర్మానా నిచ్చెను. దక్కను సుబేదారగు నిజాము ఆలీఖాను దాని కంగీకరింపలేదు. 1766 నవంబరు 12వ తేదీనాటి యొడంబడికయు, 1768 నాటి సంధియు నా వివాదమును దీర్చినవి. వానినిబట్టి గుంటూరు సర్కారును నిజాము సోదరుడును ఆదవాని ప్రభువునగు బసాలతుజంగు జీవితాంతము ననుభవింపవలెను; పిదప నది కుంఫిణీకి జేరవలెను. సర్కారులకై కుంఫిణీవారు నిజామునకు సాలీనా పేష్కషు చెల్లింపవలెను. నిజాము కోరినపుడు, తమ కవకాశమున్నచో, రెండు పటాలములను ఆఱు ఫిరంగులను బంపవలెను.

చెన్నపట్టణపు గవర్నరు రంబోల్డు బసాలతుజంగు మరణమువఱకు నాగలేదు. 1779లో నాతనితో నేరుగా నొప్పందము చేసికొని, గుంటూరును బొంది, ఆర్కాటు నవాబునకు గౌలున కిచ్చెను. తన్నడుగక తన తమ్మునితో జేసిన యీ పనికి నిజాము మిక్కిలి యాగ్రహించి, హైదరాలీతోడను మహారాష్ట్రులతోడను జేతులు గలిపెను. వంగదేశపు దొరతనమువారు బెదరి 1780లో గుంటూరును మరల నిప్పించిరి. 1782లో బసాలతుజంగు మరణించెను. ఇపుడు సంధిప్రకారము సర్కారు కుంఫిణీది. కాని నిజాము విడువలేదు. కుంఫిణీవారి పేష్కషును బాకీపడియే యుండెను.

కెన్నవే 1758లో ఎక్సెటరు నగరమున నొక వర్తకుని యింట బుట్టెను. పదునాలుగేండ్ల ప్రాయమున 1772లో గుంఫిణీ సైన్యమున జేరి, 1780లో గప్తానయ్యెను. 1786లో గవర్నరు జనరలు కారన్వాలిసునకు బరిచారక సేనానిగా నియుక్తుడయ్యెను. 1788లో గారన్వాలిసు ఆతనిని హైదరాబాదునకు బంపెను. రాయబార ముద్దేశ్యము మొదట వెల్లడి చేయబడలేదు. చెన్నపట్టణపు సేనలు సర్కారు పొలిమేరల జేరినపిదపనే కెన్నవే గుంటూరు మాట యెత్తెను. నిజాము ప్రతిఘటింపక యా సెప్టెంబరుననే సర్కారును వదలెను. ఇట్లు సంధిపత్ర మాంగ్లేయుల పక్షమున నున్నను, దాని వెనుక సైన్యమును నిలిచియుండెను.

నిజాము మంత్రాంగమును దక్కువది కాదు. తన వంతు నెఱవేర్చితిని గనుక, 1768 సంధిలోని మీ వంతును నెఱవేర్పుడని యాతడు మీరాలమును గలకత్తాకు బంపెను. 1784 నాటి పార్లమెంటు శాసనము క్రొత్త సంధులకు నడ్డుగా నుండుటచే, గారన్వాలిసు 1789 జూలై 7వ తేదీని నొక లేఖ వ్రాసి, యది సంధితో సమానముగా నిర్బంధకమని ప్రకటించెను. పటాలములను గోరినపుడెల్ల బంపెదము గాని, కుంఫిణీ మిత్రులపై వానిని నడపరాదని యందు నియమము. ఆ మిత్రుల పట్టికలో మహారాష్ట్రులు కలరు. టిప్పు సుల్తాను పేరు లేదు. ఆ లోపమే టిప్పునకు హెచ్చరికయైనది. అదే పట్టిక మహారాష్ట్రుల బాధనుండి నిజామునకు రక్షణ లేకుండజేసినది.

కెన్నవే కీర్తి పిదప బెరిగినది. 1790 జూలై 4వ తేదీని పానుగల్లున టిప్పునకు ప్రతికూలముగా నిజాముతో సంధి కుదిర్చెను. 1791లో బారొనెట్టు బిరుదము నందెను. 1792లో శ్రీరంగపట్టణమున మీరాలముతో గూడ సంధి చర్చలలో గూర్చుండెను. టిప్పు రాజ్యమున సగమును, మూడుకోట్ల ముప్పదిలక్షల రూపాయలును సంధిలో బోయినవి. కడప సీమ నిజామునకు వచ్చినది. అనారోగ్యముచే గెన్నవే 1794లో స్వదేశమునకు మరలి, 1836లో మరణించెను. ఆతడు వెడలిన మఱుసటి యేడు, 1795 మార్చిలో, ఖర్దాయొద్ద మహారాష్ట్రులు నిజాము నోడించిరి, కుంఫిణీవారు తటస్థులైరి. మైసూరు యుద్ధములలో నిజామునకు లభించిన సీమలును 1800లో గుంఫిణీకే దత్తమైనవి.

కెన్నవే కోరినది సంధిప్రకారము న్యాయమే. ఆఱేండ్లు సర్కారును బిగబట్టినవాడు నిజామే. అయినను సంధిలోని కుంఫిణీ హక్కు సైన్యముతో వసూలైనది. నిజాము హక్కు లేఖలోని నియమములచే గుంచితమైనది. ఈ భేదమే యా దౌత్యముయొక్క సారము.

దాని ఫలము రెండు ప్రభువుల మధ్యనే నిలువలేదు. హైదరాబాదునకు బడమట నున్న చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతముల నీటిని గొనివచ్చు మూసీనది వాడపల్లియొద్ద గృష్ణలో గలియును. ఆ కృష్ణయే గుంటూరుసీమ నంటి సముద్రమునకు బాఱును. ఒకే భాష, ఒకే నీరు గల యీ సీమలలో నొకటి 1788లో గుంఫిణీది కాగా, రెండవది 1948 వఱకు నిజాముదిగనే యుండెను. 1956లో రెండును నొక రాష్ట్రమున గలిసి, 2014లో మరల వేఱైనవి. ఆ మొదటి యెడబాటును నిర్ణయించిన సంధిపత్రములలో నచటి ప్రజల మాట యెచటను లేదు.