రైలుబండి కూర్చిన చెలిమి

మనుష్యులను ఒకచోట చేర్చునవి పెక్కు కలవు. బంధుత్వము చేర్చును, వృత్తి చేర్చును, ఒక్కొక్కప్పుడు ఆపద చేర్చును. కాని ముక్కు మొగము ఎరుగనివారిని కేవలమొక వేడుక మిత్రులను చేయగలదా? చేసినను, ఆ మైత్రి కాయకష్టమునకు, ధనవ్యయమునకు, పరుల ప్రాణములను కాపాడవలసిన బాధ్యతకు ఓర్వగలదా? వేల్సు దేశమునందలి టాలిల్లిన్ రైలుమార్గపు చరిత్ర ఈ ప్రశ్నకు చక్కని ప్రత్యుత్తరము. దానిని పాఠకులకు క్లుప్తముగ విన్నవింపగోరుచున్నాము.

బ్రిటను దేశమున రైలుబండ్లపై మక్కువగలవారు 20వ శతాబ్ది తొలినాళ్ల నుండియు సంఘములుగ కూడుచుండిరి. 1910లో లండను నగరమున మోడల్ రైల్వే క్లబ్బు స్థాపితమైనది. ఇట్టి క్లబ్బులలో సభ్యులు బల్లలపై చిన్నచిన్న పట్టాలు పరచి, బొమ్మ ఇంజనులను నడపి, స్టేషనులు, సిగ్నళ్లు, సొరంగములు అసలువానికి తీసిపోకుండ అమర్చెదరు. ఆ బల్లచుట్టు చేరినప్పుడు గుమాస్తా యని, ప్లీడరని, పాదిరి యని భేదము లేదు. ఇంజను చక్రమెంత, పట్టాల నడుమ ఎడమెంత అను చర్చలో పొద్దు గడచినది వారికి తెలియదు. చూపరులకిది పిల్లలాట వలె తోచును. అయితే రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన కొలది సంవత్సరములకే, రైలు ప్రియులకు నిజమైన రైలునే నడుపవలసిన అవసరము కలిగినది.

టాలిల్లిన్ మార్గము వేల్సు పడమటి తీరమునగల టవిన్ అను ఊర మొదలై కొండలలోనికి పోవును. నిడివి సుమారు 7 మైళ్లు. ఇండ్ల పైకప్పులకు వాడు పలకరాతిని గనినుండి సముద్రతీరమునకు తెచ్చుటకై 1860ల దశాబ్దిలో దీనిని నిర్మించిరి. 1866 నుండి ప్రయాణికులును ఎక్కసాగిరి. పట్టాల నడుమ ఎడము 2 అడుగుల 3 అంగుళములు మాత్రమే. మన నౌపడ నుండి పర్లాకిమిడి మీదుగ 2004 వరకు నడచిన చిన్నబండి దారి 2 అడుగుల 6 అంగుళములు; టాలిల్లిన్ దారి అంతకంటెను ఇరుకైనది.

1911లో ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడగు హెన్రీ హేడన్ జోన్స్ గనిని, రైలును కొనెను. తరువాత ఆయనకు సర్ బిరుదము వచ్చినది. తాను జీవించియున్నంత కాలము బండి ఆగదని ఆయన మాట యిచ్చెను. 1946 డిసెంబరులో గని కూలి మూతబడినను ఆ మాట తప్పలేదు. కాని మరమ్మతులకు ధనమెక్కడిది? పట్టాలు అరిగినవి, స్లీపర్లు కుళ్లినవి, దారి పొడవునను గడ్డి మొలచినది. 1950 జూలైలో సర్ హేడన్ కీర్తిశేషుడు కాగా, మార్గమునకును కాలము తీరినట్లే తోచినది.

అప్పుడు ముందుకు వచ్చినవాడు ఎల్. టి. సి. రోల్ట్. ఆయన ఇంజనీరు, రచయిత; పాత కాలువల సంరక్షణకై అదివరకే పాటుపడినవాడు. 1950 అక్టోబరు 11న బర్మింగ్‌హాము నగరపు ఇంపీరియల్ హోటలులో ఆయన, ఆయన మిత్రులు కలిసి ఒక సభ జరిపిరి. ఈ మార్గమును స్వచ్ఛందముగ తామే నడుపుట సాధ్యమా యన్నదే అచటి చర్చ. ఫలితముగ టాలిల్లిన్ రైల్వే సంరక్షణ సంఘము వెలసినది. ప్రపంచమున ఇట్టి సంఘములలో ఇదియే మొదటిది. సర్ హేడన్ భార్యయు, పాత మేనేజరు ఎడ్వర్డ్ థామసును వీరికి చేయూత నిచ్చిరి.

సందేహించినవారు లేకపోలేదు; వారి సందేహము అకారణమును కాదు. బొమ్మబండి పట్టా తప్పినచో చేతితో ఎత్తి నిలుపవచ్చును. అసలు బండిలో తల్లులు, పిల్లలు కూర్చుందురు. సంఘమువారికి ఈ భారము తెలిసియుండెను. కావుననే 1951 మే 14న తొలిబండ్లను మార్గము పొడవునను నడుపక, రిడిరోనెన్ అను సమీపపు స్టేషను వరకే నడిపిరి. పనిచేయు స్థితిలో నున్న ఇంజను ఒక్కటే. దాని పేరు డోల్గోచ్, దాని వయస్సు 85 ఏండ్లు. జూనులోగాని బండి అబర్‌గునోల్విన్ వరకు సాగలేదు.

ఇంజనుల కొరత తీర్చుకొనుటకు, 1948లో మూతబడిన పొరుగు కోరిస్ మార్గపు ఇంజనులను రెండింటిని ఒక్కొక్కటి 25 పౌన్లకు కొనిరి. రెండు మార్గముల కొలత ఒక్కటే. అయినను ఒక చిక్కు వచ్చినది. టాలిల్లిన్ పట్టాల ఎడము లెక్కకు మించి సుమారు అరంగుళము ఎక్కువగ నుండెను. అందుచే చక్రపు పట్టీలు సన్నముగ నున్న 3వ నంబరు ఇంజను పట్టాల నడుమకు జారుచుండెను. 4వ నంబరు ఇంజనును హన్స్‌లెట్ కంపెనీవారు రుసుము కోరకయే బాగుచేసి యిచ్చిరి. వీనికి వరుసగ సర్ హేడన్, ఎడ్వర్డ్ థామస్ అని నామకరణము చేయుటలో సంఘమువారి కృతజ్ఞత కనబడుచున్నది.

సెలవుదినములలో సభ్యులు దూరపు ఊళ్లనుండి వచ్చి, పారలు పట్టి గడ్డి చెక్కి, స్లీపర్లు మార్చి, బొగ్గు వేసి, టిక్కెట్లు అమ్మిరి. థామస్ అను ఇంజను కథలు వ్రాసిన రెవరెండ్ ఆడ్రీయు వారిలో నొకడు. తన బొమ్మరైళ్లను ప్రదర్శనలకు తీసికొనిపోవు ఈ మతగురువు, 1952లో ఇచట గార్డుగ పనిచేసెను. ఒకనాడు ఫలహారములమ్మునామె ఎక్కకముందే ఆయన పచ్చజెండా చూపెను. బండి కదలిపోయినది, ఆమె స్టేషనులోనే మిగిలిపోయినది! మిత్రులు దీనిని తలచి నవ్వుకొనియుందురు. ఆడ్రీ మాత్రము దీనిని విడువక, 1955లో ప్రచురించిన పుస్తకమున కథగ అల్లెను.

ఈ ప్రయత్నము చూచి ఇతరులకు ధైర్యము కలిగినది. 1955లో ఫెస్టినియోగ్ మార్గమును, 1960లో ససెక్సు మండలమున బ్లూబెల్ మార్గమును ఔత్సాహికులు మరల తెరచిరి. నేడు బ్రిటనులో ఇట్టివి వందకు పైగ గలవు. టాలిల్లిన్‌వారు 1976లో తమ ప్రయాణికుల బండిని నాంట్ గ్వెర్నాల్ వరకు పొడిగించిరి. 2021లో యునెస్కో వాయవ్య వేల్సు పలకరాతి ప్రాంతమును ప్రపంచ వారసత్వముగ గుర్తించినప్పుడు, ఈ చిన్న మార్గమును అందులో చేర్చెను.

రాబడి లేక నిలువవలసిన బండిని స్నేహము నిలిపినది. అయితే ఆ స్నేహము ముచ్చటలతో తృప్తిపడలేదు. జెండాకు, సిగ్నలుకు, వేళకు కట్టుబడినది. ఒక వేడుకను పదిమందితో పంచుకొను గృహస్థులు మన యూళ్లలోను ఉన్నారు. వారి గోష్ఠులకు ఈ కథ వినదగినదని మా విశ్వాసము.