త్రాసు, కేలరీ, దేహభారము

బరువు తగ్గదలచినవారు సాధారణముగా రెండు లెక్కలు వ్రాసుకొందురు. తిన్న ఆహారమును కేలరీలలో లెక్కించుట ఒకటి. ప్రతి ఉదయము త్రాసు ఎక్కి దేహభారమును చూచుకొనుట రెండవది. ఈ రెండు లెక్కలు తరచుగా ఒకదానితో ఒకటి పొసగవు. ఆహారము తగ్గించిన మరునాడే త్రాసు అరకిలో ఎక్కువ చూపవచ్చును. అది చూచి నిరుత్సాహముతో ప్రయత్నము మానుకొనువారు కొందరు. పస్తులుండి ఆరోగ్యము చెడగొట్టుకొనువారు మరికొందరు. తప్పు లెక్కదా, త్రాసుదా? ఈ ప్రశ్నకు సమాధానము నాలుగు వందల ఏండ్ల విజ్ఞానచరిత్రలో ఉన్నది.

ఇటలీలోని పాడువా నగరమున వైద్యశాస్త్రాచార్యుడుగా నుండిన శాంటోరియో (1561–1636) ఒక పెద్ద త్రాసుకు కుర్చీని వ్రేలాడగట్టి, అందులో కూర్చుండి తన్ను తాను తూచుకొన్నాడు. తిన్నది, త్రాగినది, విసర్జించినది అన్నిటిని కూడ తూచి వ్రాసి పెట్టినాడు. ఈ పరిశీలనల ఫలితములను 1614లో ఒక గ్రంథముగా ప్రకటించినాడు. ఒక దినమున 8 పౌనుల అన్నపానములు తీసుకొన్నచో, అందులో సుమారు 5 పౌనులు కంటికి కనబడకుండగనే దేహమును వీడి పోవుచున్నవని అతడు తేల్చినాడు. చర్మమునుండియు ఊపిరితోను ఆవిరియై పోవు నీరు ఇందులో ప్రధానభాగము. ఆహారము దేహములో ఏమగునో మాత్రము శాంటోరియో చెప్పలేకపోయినాడు. ప్రాణవాయువు అన్నది ఒకటి కలదని ఆ కాలమున ఎవరికిని తెలియదు.

ఆ కొరతను తీర్చినవాడు ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు లెవోయిజర్. అతడును గణితవేత్త లాప్లాస్‌ను కలిసి, మంచు నింపిన పాత్ర నడుమ ఒక గినీపందిని ఉంచి, దాని ఒంటివేడికి ఎంత మంచు కరగినదో తూచినారు. అది విడిచిన బొగ్గుపులుసు వాయువును కూడ కొలిచినారు. శ్వాసక్రియ మెల్లగా సాగు ఒక దహనమే అని 1783లో ప్రకటించినారు. పొయ్యిలో కట్టె కాలినట్లే దేహములో ఆహారము కాలి వేడి నిచ్చుచున్నదన్నమాట. ఫ్రెంచి విప్లవకాలమున, 1794లో, లెవోయిజర్‌కు మరణశిక్ష అమలు జరిగినది.

ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ సెంటిగ్రేడు వేడిచేయుటకు కావలసిన ఉష్ణమే ఆహారశాస్త్రములో వాడు కేలరీ. భౌతికశాస్త్రములో దీనిని కిలోకేలరీ అందురు. ఆహారమునుండి వచ్చిన శక్తియు, దేహము విడిచిన ఉష్ణమును సరిపోవునని జర్మనీలో రుబ్నర్ 1894లో కుక్కలపై చేసిన ప్రయోగములతో చూపినాడు. అమెరికాలో ఎట్‌వాటర్ అను శాస్త్రజ్ఞుడు, భౌతికశాస్త్రవేత్త రోజాతో కలిసి, మనుష్యులు కొన్ని దినములు ఉండదగిన ఉష్ణమాపకపు గదిని నిర్మించి, అదే సూత్రము మానవులకును వర్తించునని నిరూపించినాడు. మాంసకృత్తులకు గ్రాముకు 4, పిండిపదార్థములకు 4, క్రొవ్వులకు 9 కేలరీలు అను లెక్క ఎట్‌వాటర్ కృషి ఫలితమే.

ప్రయోగశాలలోని ఈ కొలత తరువాత వంటింటికి వచ్చినది. లాస్ ఏంజిలిస్‌లో వైద్యురాలైన లూలూ హంట్ పీటర్స్ 1918లో వ్రాసిన పుస్తకము కేలరీలు లెక్కించుట సామాన్యులకు నేర్పినది. మన ఆహారపదార్థముల విలువలు హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికలలో లభించును. అయితే పట్టిక చూచునప్పుడు ఒక జాగ్రత్త అవసరము. 100 గ్రాముల బియ్యములో సుమారు 350 కేలరీలు ఉన్నవి. అవి ఉడికి రెండున్నర, మూడు రెట్లు తూగు అన్నమైనను కేలరీలు పెరగవు. పెరిగిన బరువంతయు నీరే.

మనుష్యుని విషయములోను ఇట్లే జరుగును. ఒక కిలో క్రొవ్వు కణజాలము కరగుటకు సుమారు 7,700 కేలరీల లోటు కావలెను. దినమునకు 500 కేలరీలు తగ్గించినవానికి కరగునది సుమారు 65 గ్రాములు మాత్రమే. దేహములోని నీరో, ఒక్క దినములోనే ఒక కిలో వరకు హెచ్చుతగ్గులు కావచ్చును. ఆవకాయ ఎక్కువగా తిన్న మరునాడు ఉప్పు నీటిని నిలిపియుంచును. స్త్రీలలో ఋతుచక్రమును బట్టియు నీరు నిలుచుట కలదు. కాలేయములోను కండరములలోను నిలువయుండు గ్లైకోజన్ ప్రతి గ్రామును సుమారు 3 గ్రాముల నీటితో కూడియుండును; అన్నము తగ్గించిన మొదటి వారములో ఒకటి రెండు కిలోలు చప్పున తగ్గుటకు ముఖ్యకారణము ఇదే. అన్నము మరల తిన్నచో ఆ బరువు తిరిగి వచ్చును. అది క్రొవ్వు పెరుగుట కాదు.

మిచిగన్ విశ్వవిద్యాలయములో న్యూబర్గ్, జాన్‌స్టన్ అనువారు 1930లో ఈ విషయమును స్పష్టపరచినారు. అవసరముకంటె తక్కువ ఆహారము తీసుకొన్న స్థూలకాయులలో కొందరి బరువు కొంతకాలము తగ్గక నిలిచిపోయి, తరువాత ఒక్కసారిగా పడిపోయినది. ఆ కాలమంతయు క్రొవ్వు కరగుచునే యున్నది. దాని స్థానమున నీరు నిలిచినందున త్రాసుకు తెలియలేదు.

ఆహారపు లెక్కలోను లోపము లేకపోలేదు. ఎంత తక్కువ తిన్నను బరువు తగ్గుట లేదని చెప్పిన కొందరిని న్యూయార్కులో పరీక్షించి, 1992లో ఫలితములు ప్రకటించినారు. వారు చెప్పిన ఆహారము నిజముగా తిన్నదానికంటె సగటున 47 శాతము తక్కువగా ఉన్నది. వారు బుద్ధిపూర్వకముగా అబద్ధమాడినారని అనుకొనరాదు. నూనె చెంచాలు, చిరుతిండ్లు జ్ఞాపకములో నిలువవు. పైగా బరువు తగ్గినకొలది దేహము ఖర్చుచేయు శక్తియు తగ్గును గనుక, మొదట వేసిన లెక్క చివరివరకు చెల్లదు.

కాబట్టి ఒక్కనాటి బరువును తీర్పుగా భావించరాదు. ప్రతి ఉదయము ఒకే వేళ, ఏమియు తినకముందు తూచుకొని, ఏడు దినముల సరాసరిని ముందువారపు సరాసరితో పోల్చి చూచినచో, నీటి ఆటుపోట్లు చాలవరకు సర్దుకొని అసలు మార్పు బయటపడును. ఎదుగుచున్న బాలబాలికలు మాత్రము వైద్యుని సలహా లేక ఆహారము తగ్గించరాదు.

పాఠశాలలో దీనిని సులభముగా చూపవచ్చును. ఒక విద్యార్థి త్రాసు ఎక్కి బరువు చూచుకొని, అర లీటరు నీరు త్రాగి మరల ఎక్కవలెను. బరువు అర కిలో పెరుగును. లోనికి పోయిన కేలరీలు సున్న. త్రాసు చూపినది నిజమే. అది మొత్తము బరువును చెప్పునుగాని, అందులో నీరెంతో, క్రొవ్వెంతో విడదీసి చెప్పదు.