బీడీల కట్టకు వెళ్లే పిల్లలు

ఈసారి మీతో ఒక చరిత్ర చెప్పాలని ఉంది. అది ఒక పిల్లవాడి ప్రశ్నతో మొదలవుతుంది.

నల్గొండ దగ్గర ఒక పల్లెలో ప్రాథమిక పాఠశాల పిల్లలకు పొగాకు గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఊపిరితిత్తులు పాడవుతాయనీ, నోట్లో పుండు పడుతుందనీ నేను చెప్పుకుంటూ పోతున్నాను. నాలుగో తరగతి పిల్లవాడొకడు లేచి నిలబడ్డాడు. "అయ్యగారూ, మా నాయిన బీడీల కట్ట తెమ్మని నన్నే పంపిస్తడు. పోవాల్నా, వద్దా? పోకుంటే కొడ్తడు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. పొగ తాగవద్దని చెప్పడానికి వెళ్లాను గాని, తెచ్చిపెట్టవద్దని చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. మా తాతకు చుట్టలు తెచ్చింది నేనే కదా! చిల్లర మిగిలితే బిళ్లలు కొనుక్కోమనేవాడు. ఆ రోజుల్లో అది పెద్దల మాట వినడమే, ఎవరూ తప్పు పట్టలేదు.

ఇక చరిత్రలోకి వద్దాం. 1847లో ఇంగ్లాండులోని లీడ్స్ పట్టణంలో జాబెజ్ టన్నిక్లిఫ్ అనే బాప్టిస్టు బోధకుణ్ణి చావుబతుకుల్లో ఉన్న ఒక యువకుడి దగ్గరకు పిలిచారు. తాగుడు అతణ్ణి ఆ స్థితికి తెచ్చింది. మొదటి గ్లాసు ఎక్కడ తాగావని అడిగితే, తన సండే స్కూలు టీచరుతో కలిసి అని చెప్పాడట. ప్రియులారా, ఆ మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. సారా కొట్టువాడు కాదు, చెడు స్నేహితుడూ కాదు, వాక్యం నేర్పినవాడు! పిల్లలను హెచ్చరిస్తానని ఆ యువకుడికి మాట ఇచ్చి, టన్నిక్లిఫ్ ఆ ఏడాదే పిల్లల సంఘాన్ని మొదలుపెట్టాడు. ఐర్లాండుకు చెందిన ఆన్ జేన్ కార్లైల్ అనే పెద్దావిడ దానికి 'బ్యాండ్ ఆఫ్ హోప్', అంటే నిరీక్షణ దండు, అని పేరు పెట్టింది. ఆరేళ్లు దాటిన పిల్లలు మద్యం ముట్టమని మాట ఇచ్చి అందులో చేరేవారు. యాభై ఏళ్లు గడిచేసరికి ఆ దండులో 30 లక్షలకు పైగా పిల్లలున్నారని లెక్క చెప్పుకున్నారు.

గొప్ప పనే. కానీ ఒక లోటు కనబడుతుంది. ఆ కూటాల్లో బోధించింది పెద్దలు. పిల్లలు పాడారు, సంతకం పెట్టారు. పిల్లలే పిల్లలకు చెప్పడం చాలా కాలం తర్వాత వచ్చిన సంగతి.

దాని ఫలితం మన దేశంలోనే చూశాం. 2004 నుండి 2006 వరకు ఢిల్లీ, చెన్నై నగరాల్లోని 32 బడుల్లో 'మైత్రి' అనే కార్యక్రమం జరిగింది. తోటి విద్యార్థులే చిన్న గుంపులు నడిపించి పొగాకు గురించి మాట్లాడారు. ఇళ్లకు పోస్టుకార్డులు కూడా వెళ్లాయి, ఎందుకంటే ఇల్లు మారకుండా పిల్లవాడొక్కడే ఎంతకాలం నిలబడతాడు? రెండేళ్లలో ఆ కార్యక్రమం లేని బడుల్లో పొగాకు వాడకం 68 శాతం పెరిగింది, ఉన్న బడుల్లో 17 శాతం తగ్గింది. 2009లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

మన తెలంగాణ బడుల్లోనూ ఇప్పుడు మత్తుమందులకు వ్యతిరేకంగా ప్రహరీ క్లబ్బులు పెట్టారు. వాటిలో ఆరు నుండి పదో తరగతి వరకు పిల్లలు సభ్యులు. సంతోషమే గాని, 2019లో దేశమంతటా 13 నుండి 15 ఏళ్ల విద్యార్థుల మధ్య జరిగిన సర్వే చూడండి. బీడీ తాగేవారిలో 47 శాతం, నమిలే పొగాకు వాడేవారిలో 52 శాతం పదో ఏడు నిండకముందే మొదలుపెట్టారు. పదేళ్లంటే అయిదో తరగతి! క్లబ్బులో చేరే వయసు రాకముందే సగం మందికి రుచి తెలిసిపోయింది. మన పాలమూరు, నల్గొండ పల్లెల్లోనైతే ఇంకో భయం ఉంది. ఆల్ప్రాజోలం, డైజీపామ్ వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లు కూడా పిల్లల కళ్ల ముందే ఇంటికి వస్తుంది. తెచ్చే చేతులు ఎవరివో నేను చెప్పనక్కరలేదు.

చట్టం లేక కాదు. పద్దెనిమిదేళ్లు నిండనివారికి పొగాకు అమ్మకూడదనీ, బడికి వంద గజాలలోపు అమ్మకూడదనీ 2003 చట్టం చెబుతోంది. పిల్లల చేతికి పొగాకు గాని మద్యం గాని ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు జైలు శిక్ష వేయవచ్చని 2015 బాలల న్యాయ చట్టంలో ఉంది. ఈ మాట మన సంఘ పెద్దల్లో ఎంతమందికి తెలుసు? నాకే చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండవ రాజుల గ్రంథం అయిదవ అధ్యాయంలో నయమాను ఇంట్లో పనిచేసిన చిన్నదాన్ని గుర్తు చేసుకోండి. ఆమె సైన్యాధిపతితో నేరుగా మాట్లాడలేదు, యజమానురాలితో చెప్పింది. ఆ మాట ఆయన చెవిదాకా చేరింది. చిన్నదాని మాటేమిటని ఎవరైనా దాన్ని మధ్యలో ఆపేసి ఉంటే?

ఆ రోజు బడిలో నాకు జవాబు తోచక, పిల్లలనే అడిగాను: వీడు వాళ్ల నాయినకు ఏం చెప్పాలి? కాసేపు గుసగుసలు. వెనక కూర్చున్న ఒక ఆడపిల్ల చెప్పింది: "పోనని అనొద్దు, కొడ్తడు. పోయి ఉత్త చేతుల్తోని రావాలె. పిల్లలకు ఇయ్యరంట నాయినా, నిన్నే రమ్మన్నరు అని చెప్పాలె." మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. అయితే ముందు కొట్టాయన ఒప్పుకోవాలి కదా అని ఉపాధ్యాయుడు అన్నాడు. అది పిల్లల పని కాదు. సాయంత్రం ఆయనా నేనూ కలిసి ఆ కొట్టు దగ్గరకు నడిచాం.