సెంట్రిఫ్యూగల్ క్లచ్ లైనింగు: అమరిక చరిత్ర

సెంట్రిఫ్యూగల్ క్లచ్‌ను కాలితో నొక్కే పని గానీ చేత్తో లాగే పని గానీ ఉండదు. ఇంజన్ వేగం పెరిగితే తానే పట్టుకుంటుంది, తగ్గితే తానే వదిలేస్తుంది. ఇంజన్‌తో పాటు తిరిగే షూలు అపకేంద్ర బలానికి బయటికి జరిగి, చుట్టూ ఉన్న డ్రమ్ము లోపలి గోడను ఒరుసుకుని దాన్ని తిప్పుతాయి. షూల మీద అతికించే రాపిడి పదార్థమే లైనింగు. పాత బండి క్లచ్ జారుతోందన్నా, అదురుతోందన్నా ముందుగా లైనింగు రకాన్నో, షూలను లోపలికి లాగి ఉంచే స్ప్రింగునో మార్చడం వాడుక. కానీ ఈ క్లచ్ చరిత్రను, అది పనిచేసే తీరును కలిపి చూస్తే, అన్నిటికన్నా ముందు సరిచూడవలసింది లైనింగు వంపు డ్రమ్ము వంపుతో కలిసిందా లేదా అన్నదే.

రాపిడి లైనింగుల పరిశ్రమకు పునాది వేసినవారిలో ముఖ్యుడు ఇంగ్లండుకు చెందిన హెర్బర్ట్ ఫ్రూడ్. కొండదారుల్లో గుర్రపు బండ్ల బ్రేకులు నిలవడం లేదని ఆయన 1897లో మొదలుపెట్టిన ప్రయోగాలే ఫెరోడో సంస్థకు మూలం. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల నుంచి వేడికి తట్టుకునే ఆస్బెస్టాస్ లైనింగుల్లో ప్రధాన పదార్థమైంది.  కార్లలో సెంట్రిఫ్యూగల్ క్లచ్‌కు పేరు తెచ్చినవి 1950ల నాటి జర్మన్ సాక్సోమాట్ క్లచ్ వ్యవస్థ, 1958లో ప్రదర్శనకు వచ్చిన డచ్చి కారు డాఫ్ 600. డాఫ్‌లో ఈ క్లచ్‌తో పాటు గేరు నిష్పత్తిని తానే మార్చుకునే, బెల్టుతో నడిచే వేరియేటర్ ఉండేది. మన రోడ్ల మీదికి ఈ క్లచ్ ఎక్కువగా రెండు చక్రాల మీదే వచ్చింది: 1980లో టీవీఎస్ 50 మోపెడ్, 1984లో కైనెటిక్ హోండా స్కూటరు. కైనెటిక్ హోండాలో డాఫ్ సూత్రమే ఉన్నా, క్లచ్ ఇంజన్ పక్కన కాక బెల్టు దాటాక వెనక చక్రం దగ్గర ఉంటుంది. విశాఖపట్నం లాంటి మన నగరంలో ఈ విషయాన్ని పరిశీలించాలంటే పాత కారుకన్నా ఆ స్కూటరే దగ్గరి ఉదాహరణ.

షూ మీద పనిచేసే బలం దాని బరువును, తిరిగే వ్యాసార్థాన్ని, వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు. అంటే బండి కదిలే తొలి క్షణంలో, వేగం ఇంకా తక్కువగా ఉన్నప్పుడు, షూ నొక్కుడు బలహీనంగా ఉంటుంది. జారుడు ఎక్కువగా ఉండేదీ అప్పుడే. ఉన్న కొద్దిపాటి నొక్కుడు లైనింగు మొత్తం మీద పరుచుకోవాలి. 60 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న డ్రమ్ము అరిగి 60.5 అయిందనుకుందాం. పాత కొలతకే కోసిన కొత్త లైనింగు 80 డిగ్రీల వంపు గలదైతే, మధ్యలో తగిలి రెండు కొసల దగ్గర సుమారు 0.12 మిల్లీమీటరు ఖాళీ వదులుతుంది. కాగితమంత మందమే అయినా మొదట పనిచేసేది మధ్యనున్న సన్నని పట్టీ ఒక్కటే. లైనింగు వంపు డ్రమ్ము కన్నా వెడల్పుగా ఉంటే కొసలు ముందు తగిలి బండి కుదుపుతో పట్టుకుంటుంది.

కొన్నాళ్లు నడిపితే లైనింగు తానే సర్దుకుంటుందన్న వాదన ఉంది. గాజువాక ఆటోనగర్‌కు వచ్చే లారీల బ్రేకు లైనింగులు అలాగే కూర్చుంటాయి కదా అనవచ్చు. అయితే బ్రేకును డ్రైవరు కావలసినంత గట్టిగా నొక్కగలడు. ఈ క్లచ్‌లో ఆ వీలు లేదు. సన్నని పట్టీ మీదే వేడంతా చేరితే లైనింగులోని రెసిన్ పైకి తేలి నున్నని మెరుపు పొర కడుతుంది. ఆ తర్వాత అది అరగదు, జారుతుంది. వాడకంతో సర్దుకునేది చివరి కొద్దిపాటి తేడా మాత్రమే. పట్టు ఎక్కువున్న లైనింగు వేస్తే చాలన్నది రెండో వాదన. వంపు కలవని చోట పట్టు పెంచితే అదురు కూడా పెరుగుతుంది. సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కుతూ వెనక మనిషిని కూర్చోబెట్టుకుని ఆగి బయలుదేరే స్కూటరుకు ఈ లోపం వెంటనే బయటపడుతుంది. గట్టి స్ప్రింగు పట్టుకునే వేగాన్ని పెంచుతుందే గాని వంపును సరిచేయదు. మందం పెంచితే ఖాళీ తగ్గి, ఐడిల్‌లోనే షూ డ్రమ్మును రాస్తుంది.

విశాఖలో ఈ సమస్యకు సముద్రపు గాలి తోడవుతుంది. చాలాకాలం కదలని బండిలో ఉప్పుతేమకు డ్రమ్ము లోపల తుప్పు పడుతుంది. ఆ గరుకు కొత్త లైనింగును కొరికేస్తుంది. అందుకే ముందు డ్రమ్మును శుభ్రం చేసి, గుండ్రం తప్పిందేమో కొలవాలి. లోపలి గోడకు సుద్ద పూసి షూను ఆనించి కదిపితే, తెల్లని మరక ఎక్కడ పడిందో అక్కడే తగులుతోందని తెలుస్తుంది. ఆ ఎత్తులను కొద్దికొద్దిగా రాస్తూ మరక లైనింగంతా పరుచుకునే దాకా సరిచేయాలి. షూలన్నీ సమాన బరువులో ఉండాలి, లేకుంటే బరువైనది ముందుగా పట్టుకుంటుంది. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు గనుక పొడిగా రుద్దకూడదు, గాలి కొట్టి దుమ్ము లేపకూడదు, తడిపి తుడవాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, ఊపిరితిత్తుల పొరకు వచ్చే మీసోథీలియోమా అనే మరో క్యాన్సర్‌కు దారితీస్తుంది. బ్రిటన్ 1999లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది. లైనింగు పదార్థాలు కాలంతో మారాయి, ఇంకా మారతాయి. ఏ పదార్థమైనా తన గుణాన్ని చూపేది డ్రమ్మును నిండుగా తాకినప్పుడే. కాబట్టి పాత బండిని నిలబెట్టుకోవాలనుకునేవారు కొత్త లైనింగు కొనేముందే డ్రమ్ము కొలత తీసుకోవాలి.